పడమటి దీవిలో భజన

మొన్న చలికాలంలో ఒక సాయంత్రం నారాయణఖేడ్‌లో మా ఇంటి అరుగుమీద కుర్చీ వేసుకుని పాట వింటున్నాను. పాట అన్నానే గాని ఇంకా పాట మొదలు కాలేదు. ఏదో ఒక వాద్యం, ముక్కుతో మూలిగినట్టు, ఒకే స్వరాన్ని పట్టుకుని వదలకుండా మోగుతోంది. దాని మీద ఇంకొక స్వరం మెల్లగా లేచి, గాలిపటంలా అటూ ఇటూ వూగి, మళ్ళీ మొదటి చోటికే దిగి వస్తున్నది. వీధిన పోతున్న పెద్దాయన ఒకరు ఆగారు. మా వీధి చివరే వుంటారు. కొడుకుల కాలానికి ఆ ఇంటి కొలిమి పోయి వెల్డింగు షాపు వచ్చింది గాని, ఆయన మాత్రం నిప్పు ముందర పుట్టి పెరిగిన మనిషి.

“ఏం పాట సారూ ఇది? ఎవరో కొలిమికాడ కూసోని తిత్తి ఒత్తుతున్నట్టున్నది!” అన్నారు.

నేను కుర్చీలోంచి లేచినంత పని చేశాను. ఆయన అన్నది ముమ్మాటికీ నిజం. అది తిత్తే. ఐర్లండు దేశస్థులు దాన్ని ఇలిన్ పైపులంటారు. వారి భాషలో ‘ఇలిన్’ అంటే మోచేయి. పటాలాల కవాతుల్లో గౌను కట్టుకున్న సిపాయిలు నోటితో వూదే బ్యాగ్‌పైపు వేరు, ఇది వేరు. దీన్ని నోటితో వూదరు. వాయించే మనిషి కూర్చుని, ఒక చంక కింద తోలుసంచీ, రెండవ మోచేతి కింద చిన్న కొలిమితిత్తి పెట్టుకుని, మోచేతితో ఒత్తుతూ సంచీలోకి గాలి పంపుతాడు. సంచీకి తగిలించిన కొన్ని గొట్టాలు ఆగకుండా శ్రుతి పలుకుతుంటాయి. ఒక గొట్టం మీద వేళ్ళాడించి పాట వాయిస్తాడు. మనవైపు కూడా మేకతోలుతో చేసిన తిత్తి అనే శ్రుతివాద్యం వీధినాటకాలవారి దగ్గరా, కథలు చెప్పేవారి దగ్గరా వుండేది. హార్మోనియం వచ్చి దాన్ని మూలకు నెట్టింది. ఆ సంగతి చెబితే పెద్దాయన అరుగుమీద కూర్చుని పాట అయిందాకా విన్నారు. “గాలి మంచిగ పట్టిండు” అని ఒక్క మాట అని వెళ్ళిపోయారు. ఈ సంగీతాన్ని గురించి నేను విన్న విమర్శలన్నిటిలోకీ అదే మెరుగైనది.

ఆ పాట పాడినవారు అయోనా అనే బృందం. సంగీతాలకు ముద్రలు వేసేవారు దాన్ని ‘క్రైస్తవ భక్తి ప్రేరణతో పుట్టిన కెల్టిక్ ప్రోగ్రెసివ్ రాక్’ అంటారు. పేరు వినగానే సగంమంది పారిపోతారు. నేనూ పారిపోయినవాణ్ణే. విదేశంలో ఉద్యోగం చేస్తున్న నా పాత విద్యార్థి ఒకడు, “మీకు భజనలంటే ఇష్టం కదా సార్, ఇదీ భజనే, వినండి” అని పంపాడు. అయిదు నిమిషాలు విని ఆపేశాను. డ్రమ్ములూ, ఎలక్ట్రిక్ గిటారూ మోగిపోతుంటే ఇందులో భజన ఎక్కడుందిరా నాయనా అనుకున్నాను. మా నాయనగారు ఏకాదశి భజనలో తాళాలు పట్టిన మనిషి. ఖేడ్ ప్రాంతంలో భజన అంటే తెలుగు తత్వం ఒకటి, మరాఠీ అభంగం ఒకటి, కన్నడ వచనం ఒకటి, మూడూ ఒకే రాత్రి, ఒకే తబలా మీద నడుస్తాయి. ఇటు బీదరు, అటు నాందేడు, నడుమ మేము. అలాంటి చెవికి ఇంగ్లీషు రాక్ సంగీతం ఎక్కడం కష్టమే. అయితే కుర్రవాడు తెలివిగలవాడు. ‘మొదట పాట వినకండి, ఆ దీవి కథ చదవండి’ అని మళ్ళీ రాశాడు. చదివాను. చదివిన తరవాత విన్నాను. ఈ వ్యాసానికి అదే మూలం.

అయోనా స్కాట్లండుకు పడమట, సముద్రంలో వున్న చిన్న దీవి. పొడవు మూడు మైళ్ళకు కాస్త అటూ ఇటూ, వెడల్పు మైలున్నర. క్రీ. శ. 563లో కొలంబా అనే సన్యాసి పన్నెండుమంది శిష్యులతో ఐర్లండు నుంచి పడవలో వచ్చి అక్కడ మఠం కట్టాడు. ఆయన ఎంతటి భక్తుడో అంతటి లేఖకుడు. ఆయన తరవాత అదే మఠానికి అధిపతి అయిన అడోమ్నాన్ రాసిన చరిత్రలో, కొలంబా ఆఖరి రోజు ఘట్టం వున్నది. 597లో, ముసలితనంలో, ఒక కీర్తన పుటను నకలు రాస్తూ రాస్తూ ఒక వాక్యం దగ్గర ఆగి, మిగిలింది శిష్యుడు బైతీన్ రాయాలని చెప్పి కలం పెట్టేశాడట. ఆ రాత్రే పోయాడు. మన తాళపత్రాల గ్రంథాలు కూడా ఇలాగే గదా బతికాయి, ఒకరు ఆపిన చోట మరొకరు గంటం పట్టి!

రెండు వందల సంవత్సరాల తరవాత ఓడదొంగలు, వైకింగులు, ఆ దీవిమీద పడ్డారు. 795లో మొదలై మళ్ళీ మళ్ళీ వచ్చారు. 806లో అరవై ఎనిమిదిమందిని చంపారు. మిగిలినవారిలో చాలామంది ఐర్లండులోని కెల్స్ అనే చోటికి వెళ్ళిపోయారు. సుమారు 800 ప్రాంతాన తయారైన ఒక సువార్త గ్రంథానికి ఆ వూరి పేరే నిలిచింది. దూడతోలు మీద రాసిన 340 పత్రాల పుస్తకం. ఒక్కొక్క అక్షరం చుట్టూ తీగలు, పాములు, పక్షులు, పిల్లులు మెలికలు తిరిగి వుంటాయి. ఎక్కడ మొదలయిందో ఎక్కడ ముగిసిందో కంటికి అందదు. మన ఆడవారు సంక్రాంతికి వేసే మెలికల ముగ్గును వేలితో అనుసరించబోతే ఎలా వుంటుందో అలా వుంటుంది. ఇప్పుడా పుస్తకం డబ్లిన్ నగరంలో ట్రినిటీ కళాశాలలో వున్నది. ఈ ముగ్గు సంగతి గుర్తుంచుకోండి, ముందు పనికి వస్తుంది.

మఠం కాలక్రమాన శిథిలమైంది. 1938లో జార్జి మక్లౌడ్ అనే పాదరీ, గ్లాస్గో నగరంలో పనులు లేక పస్తులున్న కూలివారినీ, చదువుకున్న యువ పాదరీలనూ వెంటబెట్టుకుని దీవికి వెళ్ళి, ఇద్దరి చేతా పక్కపక్కన రాళ్ళు మోయించి ఆ మఠాన్ని మళ్ళీ నిలబెట్టటం మొదలుపెట్టాడు.

ఈ ముక్క చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు వూరుకున్నాను. ఎందుకో మెతుకుసీమవారికి వేరే చెప్పనక్కరలేదు. నారాయణఖేడ్ ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో వున్నా, 2016 దాకా మాది మెదకు జిల్లాయే. మెదకు చర్చి చూడని ఇల్లు ఈ వైపున తక్కువ. ఏ మతంవారైనా సరే, పిల్లలను తీసుకుని ఒక్కసారైనా వెళ్ళి, ఆ రంగుల అద్దాల కిటికీల ముందు నోరు తెరిచి నిలబడినవారే. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ 1914లో పని మొదలుపెట్టించి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేయించాడు. లోపలి పొడవు రెండు వందల అడుగులు, వెడల్పు వంద. గోపురం ఎత్తు 175 అడుగులు. కరవు రోజుల్లో వూళ్ళ జనానికి పని చూపించి, పనికి తిండి పెట్టి కట్టించాడని పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. అంటే అక్కడ గ్లాస్గో పస్తులు, ఇక్కడ మెదకు కరవు. రెండు చోట్లా దేవుడి ఇంటికి రాయి మోసినవాడు ఆకలిగొన్నవాడే.

కాని రాయికి ఒక సదుపాయం వున్నది. ఇంగ్లండులో గీసిన నమూనా ప్రకారం మెదకులో రాయి పేర్చవచ్చును, అది నిలబడుతుంది. పాటకు ఆ సదుపాయం లేదు. పరాయి నమూనాలో పాట కట్టి జనం నోట పెడితే, వారం వారం పాడతారు గాని దంచేటప్పుడూ, దున్నేటప్పుడూ పాడుకోరు. తెలుగు క్రైస్తవులలో మొదటి తరం కవులు ఈ సంగతి బాగా ఎరిగినవారు. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) వైష్ణవ కుటుంబంలో పుట్టి, క్రైస్తవం పుచ్చుకొని, శ్రీకాకుళం ప్రాంతాల బోధకుడుగా తిరిగారు. మతం మారినా ఆయన చెవి మారలేదు. పల్లవి, అనుపల్లవి, చరణాలు, రాగం, తాళం, అన్నీ మన కీర్తన కట్టుబాటే. ఇప్పటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే, పాట తలకట్టున రాగమూ తాళమూ అచ్చువేసి వుంటాయి. తెలుగు సాహిత్యం చెప్పుకునే నావంటివాడు పద్యకవుల జాబితాలు వల్లె వేస్తాడు గాని ఈ కీర్తనకారులను పాఠంలో తలవడు. అది మా తప్పే.

ఇప్పుడు బృందం సంగతి. 1980ల చివర డేవ్ బైన్‌బ్రిడ్జ్, డేవిడ్ ఫిట్జెరాల్డ్ అనే ఇద్దరు వాద్యకారులు, ఉత్తర ఐర్లండు గాయని జోయాన్ హాగ్‌తో కలిసి దీన్ని మొదలుపెట్టారు. దీవి పేరే బృందానికి పెట్టుకున్నారు. 1990లో మొదటి ఆల్బమ్ వచ్చింది. 2016లో బృందం విడిపోయింది. నడుమ వచ్చినవాటిలో మూడింటిని గురించి చెబుతాను.

దానికి ముందు ‘ప్రోగ్రెసివ్ రాక్’ అనే మాటకు అర్థం చెప్పాలి. రాక్ సంగీతం అంటే మూడు నిమిషాల పాట, నాలుగు మాటలు, గట్టిగా దరువు. 1960ల చివర ఇంగ్లండులో కొందరు కుర్రవాళ్ళకు ఈ మూడు నిమిషాలు చాలలేదు. మనకు రాగం, తానం, పల్లవి అని గంటసేపు సాగే పద్ధతి వున్నట్టే, మాకూ ఒక ప్రశస్తమైన పెద్ద రచన ఎందుకు వుండకూడదు అనుకున్నారు. 1969లో కింగ్ క్రిమ్‌జన్ వంటి బృందాలు తోవ చూపాయి. 1972లో యెస్ అనే బృందం ఒక్క పాటతోనే ఎల్.పి. రికార్డు ఒక పక్క నింపేసింది, పద్ధెనిమిది నిమిషాలకు పైగా! నాలుగు దెబ్బల తాళం విసుగని అయిదుకు, ఏడుకు పోయారు. మనవారికి అది ఖండచాపు, మిశ్రచాపు. మన యక్షగానాలలో పిల్లలు అలవోకగా వేసే అడుగును వారు మహా సాహసంగా భావించారని నవ్వుకోవచ్చును గాని, వారి దారిన వారు కష్టపడి అక్కడికి చేరారు గనక గౌరవించవలసిందే. ఇందులో దోషం కూడా వున్నది. చేతిలో విద్య వుంది గదా అని గిటారువాడు, కీబోర్డువాడు ఎవరికి వారు పావుగంట చొప్పున వాయిస్తూ పోతారు. కచేరీలో తనియావర్తనం మొదలయిందంటే కాఫీకి లేచిపోయే మనవారికి ఆ బాధ తెలుసు.

అయోనా వారు ఈ పొడవాటి నిర్మాణాన్ని పుచ్చుకుని, లోపల మాత్రం కెల్టిక్ జనపదం వాద్యాలూ, బాణీలూ, ప్రార్థనలూ పెట్టారు. ఇలిన్ పైపులు, సన్నని ఐరిషు పిల్లనగ్రోవి, వీణకు దూరపు చుట్టమైన హార్ప్, మేకతోలు బిగించిన బౌరాన్ అనే వాద్యం. బౌరాన్‌ను మా విద్యార్థులకు చూపిస్తే, “సార్, ఇది డప్పే గదా!” అన్నారు. చుట్టూ చెక్కకట్టు, ఒక పక్కనే తోలు. డప్పే. మనం రెండు పుల్లలతో కొడతాం, వారు ఒక్కదానితో కొడతారు. బృందంలో పైపులు వాయించిన ట్రాయ్ డొనాక్లీ తరవాత ఫిన్లండుకు చెందిన నైట్‌విష్ అనే హెవీ మెటల్ బృందంలో చేరి, ఆ భీకర ధ్వనుల మధ్య కూడా తన తిత్తి తాను ఒత్తుతూ వచ్చాడు. పట్టుదల అంటే అదీ!

1992లో వచ్చిన రెండవ ఆల్బమ్ పేరు ‘ది బుక్ ఆఫ్ కెల్స్’. నేను పైన చెప్పిన మెలికల పుస్తకమే వస్తువు. నలుగురు సువార్తికులకు పాత చిత్రకారులు నాలుగు గుర్తులు ఇచ్చారు: మత్తయికి మనిషి, మార్కుకు సింహం, లూకాకు దూడ, యోహానుకు డేగ. నాలుగింటికీ నాలుగు రచనలు. చాలాచోట్ల మాటలు లేవు. మాటలేని చోట ఏం వినాలి అని మొదట తికమకపడ్డాను. అప్పుడు ముగ్గు సంగతి గుర్తొచ్చింది. ఒక చిన్న పలుకును పట్టుకుని పిల్లనగ్రోవి వెడుతుంది. అది వదిలిన చోట పైపులు అందుకుంటాయి. అవి వదలకముందే గిటారు కిందనుంచి దూరుతుంది. మెలిక మీద మెలిక. గీత ఎవరిదో మరిచిపోయి గీతను మాత్రం అనుసరించాలి. అలా వినటం పట్టుబడ్డ రోజున డ్రమ్ములు నన్ను బాధించటం మానేశాయి. అన్నీ బాగున్నాయని మాత్రం అనను. శాక్సఫోను తీయగా తేలిపోయే చోట్లు కొన్ని, పెద్ద హోటళ్ళలో భోజనాల వేళ వినిపించే సంగీతంలా వుంటాయి. కీబోర్డు మేఘాలు మరీ దట్టమై తిత్తి గొంతు వినపడనీయని చోట్లు కూడా వున్నాయి.

1993 నాటి ఆల్బమ్‌కు ప్రేరణ బ్రెండన్ అనే సన్యాసి సముద్రయాన కథ. దాన్ని దాటి పోతాను, నాకంత పట్టలేదు. 1996లో వచ్చిన ‘జర్నీ ఇంటు ది మార్న్’ మాత్రం నాకు ప్రాణం. దాని మొదటా చివరా ఒకే ప్రార్థనాగీతం, ఐరిషు భాషలో, అడుగుబొడుగు లేని గొంతుతో వినిపిస్తుంది. ఈ గీతం చరిత్ర చూడండి. మాటలు పాత ఐరిషు భాషలోవి. 1905లో మేరీ బర్న్ అనే విదుషి ఇంగ్లీషు వచనంలోకి తెచ్చింది. 1912లో ఎలెనార్ హల్ దాన్ని పద్యం చేసింది. 1919లో ఎవరో దానికి స్లేన్ అనే ఐరిషు జానపద బాణీని జతచేశారు. ఇప్పుడు ఇంగ్లీషు మాట్లాడే దేశాల చర్చిలన్నిటా పాడుతున్నారు. ఎన్ని చేతులు మారిందో చూడండి! అయినా ఆ బాణీలో చెరుకు పొలం గట్టుమీద నడుస్తూ కూనిరాగం తీసుకున్నంత సుఖం వున్నది. అయోనా వారు దాన్ని ఇంగ్లీషులో పాడివుంటే ఇంకా నాలుగు కాపీలు ఎక్కువ అమ్ముడుపోయేవేమో. వారు పుట్టింటి భాషకే తిప్పి తీసుకువెళ్ళారు.

అదే ఆల్బమ్‌లో పదకొండు నిమిషాలు దాటిన రచన ఒకటి వున్నది. చుట్టూ గిరిగీసుకుని చేసే ప్రార్థనలు కెల్టిక్ ప్రాంతాల్లో వుండేవి. మనిషి వేలు చాచి, తన చుట్టూ తాను తిరిగి, ఈ గీత లోపలికి కీడు రాకుండుగాక అనుకోవటం. లక్ష్మణరేఖ ఎరిగినవారికి దాని అర్థం ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ రచనలో దరువు కూడా తిరిగి తిరిగి మొదటి చోటికే వస్తుంటుంది.

ఇలాంటి ప్రార్థనలు ఎక్కడ దొరికాయి? అలెగ్జాండర్ కార్మైకేల్ అనే ఆయన సుంకాల శాఖలో ఉద్యోగి. స్కాట్లండు పడమటి దీవుల్లో ఉద్యోగం మీద తిరుగుతూ, ఇంటింటా ముసలమ్మల దగ్గర కూర్చుని గేలిక్ భాషలోని పాటలూ, దీవెనలూ రాసుకున్నాడు. 1900లో ‘కార్మినా గడెలికా’ పేరుతో రెండు సంపుటాలు వేశాడు. పొయ్యి రాజేసేటప్పుడు ఒకటి, ఆవును పితికేటప్పుడు ఒకటి, మగ్గం ముందు ఒకటి, రాత్రి నిప్పు కప్పేటప్పుడు ఒకటి. దేవుడు గుడిలో కాక పొయ్యిలోనూ, పాలచెంబులోనూ వున్నాడన్న మాట. ఇది చదువుతుంటే మా అమ్మమ్మ విసుర్రాయి ముందు కూర్చుని పాడిన పాటలు చెవిలో మోగాయి. మన దేశంలో ఆ పని చేసిన మహానుభావుడు బిరుదురాజు రామరాజుగారు. తెలంగాణ పల్లెలు తిరిగి సేకరించి ఆయన చేసిన పరిశోధన 1958లో ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’గా అచ్చయింది. తేడా ఎక్కడంటే, కార్మైకేల్ సేకరించిన ముసలమ్మల దీవెనలు గిటారూ డ్రమ్ములూ వాయించే కుర్రవాళ్ళ చేతికి చేరాయి. రామరాజుగారి గ్రంథం మా కళాశాల గ్రంథాలయంలో, పరీక్షల ముందు మాత్రమే బయటికి వస్తుంది.

సంగీతం తెలిసిన ఇల్లాళ్ళకు ఒక మాట. ఈ కెల్టిక్ బాణీలు వినేటప్పుడు ‘ఎక్కడో విన్నట్టుందే’ అనిపిస్తే అది భ్రమ కాదు. స్కాట్లండు, ఐర్లండు పాటలలో చాలావాటికి అయిదే స్వరాలు, స రి గ ప ధ. మన మోహన. కొత్త సంవత్సరం రాత్రి ఇంగ్లీషువారు పాడే ‘ఆల్డ్ లాంగ్ సైన్’ ఆ అయిదు స్వరాలదే. రవీంద్రులు దాని బాణీలోనే బెంగాలీ పాట కట్టారు. మరికొన్ని ఐరిషు బాణీలు హరికాంభోజి స్వరాల మీద, కొన్ని ఖరహరప్రియ స్వరాల మీద నడుస్తాయి. గమకం వేరు, నడక వేరు గనక రాగం ఒకటే అనకూడదు, మెట్లు మాత్రం అవే.

పైగా ఈ రాకపోకలు ఇవాళ్టివి కావు. ముత్తుస్వామి దీక్షితులవారు మద్రాసు వైపు కుంపినీవారి బ్యాండులో విన్న ఇంగ్లీషు, స్కాటిషు, ఐరిషు బాణీలకు సంస్కృతంలో దేవతాస్తుతులు రాశారు. వాటినే నోటు స్వరాలంటారు. దాదాపు నలభై వున్నాయి. ఇప్పటికీ సంగీతం నేర్చుకునే పిల్లలకు చెబుతారు. శ్రీవిద్యోపాసకుడైన దీక్షితులవారికి సోల్జర్ల బ్యాండు బాణీలో అంబను కొలవటం తప్పుగా తోచలేదు. మనకెందుకు తోచాలి?

ఈ ప్రశ్న నాకు వూరికే రాలేదు. పోయిన క్రిస్మసు ముందు, మెదకు తోవలో ఒక పల్లెకు వెళ్ళాను. నా దగ్గర డిగ్రీ చదివే కుర్రవాడి వూరు. మట్టిగోడ తీసి ఇటుకగోడ కట్టుకున్న చిన్న చర్చి. లోపల తగాదా నడుస్తోంది. కుర్రవాళ్ళు చందాలు పోగుచేసి డ్రమ్ముల సెట్టు, కీబోర్డు తెచ్చారు. డెబ్భై దాటిన పెద్దమనిషి ఒకరు, ఆ వూళ్ళో ఏళ్ళతరబడి కీర్తన అందించేవారు, చంకలో పాత పుస్తకం పెట్టుకుని గోడవార కూర్చున్నారు.

“గుడిల డబ్బాలు మోగిస్తరా? ఆ సప్పుడుల దేవుడు పరేషాన్ అయితడు” అని ఆయన.

“నీ పాటలు ఎవరికి సమజైతయి తాతా? ఒక్కొక్క చరణానికి గంట గుంజుతవు” అని వీరు.

నన్ను తీర్పు చెప్పమన్నారు. పరాయి మతస్థుణ్ణి, నాకేం హక్కు? పుస్తకం ఇలా ఇవ్వమని అడిగి, ఒక పుట తీసి, తలకట్టున వున్న రాగం పేరు చూపించి, ఇదేమిటని కుర్రవాళ్ళను అడిగాను. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. కీబోర్డు వాయించేవాడు, “రాసినాయన ఇంటిపేరేమో సార్” అన్నాడు. నవ్వులాటకు కాదు, నిజంగానే అన్నాడు. పెద్దాయనను అడిగితే ఆయనకూ రాగలక్షణం తెలియదు. కాని పాట తెలుసు. తండ్రి పాడగా విన్నారు. తండ్రికి ఎవరో బోధకుడు నేర్పాడు. కాగితం మీద రాగం పేరు వున్నది, ఈయన గొంతులో రాగం వున్నది. రెంటికీ మధ్య దారి తెలిసినవాడు ఆ వూళ్ళో లేడు. ఈయన లేకపోతే కాగితం మిగులుతుంది.

నాకు తోచిన పని చేశాను. నా ఫోను వారి కొత్త స్పీకరుకు తగిలించి, ఆ ఐరిషు ప్రార్థనాగీతం పెట్టాను. మాటలు ఎవరికీ తెలియవు. మొదట గొంతు ఒక్కటే వచ్చింది. పెద్దాయన తల ఎత్తారు. తరవాత అదే ఆల్బమ్‌లోని పొడుగు రచన పెట్టాను. డప్పులాంటి వాద్యం వచ్చింది. గిటారు వచ్చింది. అప్పుడు డ్రమ్ముల కుర్రవాడు ముందుకు జరిగాడు. అన్నీ మోగుతున్నా తిత్తి గొంతు అడుగున అలాగే నిలిచి వుంది. స్కాట్లండుకు పడమట లూయిస్ అనే దీవి చర్చిలలో వాద్యమే లేకుండా, ఒకరు కీర్తన పంక్తి అందిస్తే తక్కినవారు ఎవరి మెలికలతో వారు అందుకుని పాడతారనీ, మీ తాత పాడించే పద్ధతి అదేననీ చెప్పాను. పాఠం చెప్పే జబ్బు మాది, ఎక్కడికి పోయినా పోదు.

పాట ఆగాక పెద్దాయన అన్నారు: “పాట ముందుగాల, సప్పుడు ఎన్కసీరి. అట్లయితే నాకు ఇబ్బంది లేదు.”

కీబోర్డు కుర్రవాడు పీట లాక్కుని ఆయన పక్కన కూర్చున్నాడు. “ఏదీ తాతా, ఒకటి పాడు, నేను పట్టుకుంటా” అన్నాడు. ఆయన గొంతు సవరించుకుని పల్లవి ఎత్తారు. వాడు మెట్లు తడుముకుంటూ వెనకబడ్డాడు. మూడవ స్వరం దగ్గర ఆయన గొంతు రెండు మెట్ల నడుమ ఎక్కడో నిలిచింది. ఆ స్వరం కీబోర్డులో లేదు. వాడు పై మెట్టు నొక్కాడు, కింది మెట్టు నొక్కాడు, రెండూ కలిపి నొక్కి చూశాడు.

“అది కాదు బిడ్డా, అక్కడ జర గుంజాలె” అన్నారు ఆయన.

వాడు కీబోర్డు బందుచేసి, జేబులోంచి ఫోను తీసి ఆయన నోటి దగ్గర పట్టుకున్నాడు. “మళ్ళ మొదలుకెల్లి పాడు తాతా. అందరు సప్పుడు చేయకున్రి.”

నేను ఖేడ్ బస్సుకు బయలుదేరేసరికి మూడవ కీర్తన నడుస్తోంది.